పడవ దిగని చెల్లి: సెకోన్యెర్ నది మీద నాలుగు రోజులు

మొదటి రోజు

ఒరాంగుటాన్లు అనే ఎర్రజుట్టు పెద్ద వానరాలను చూడడానికే మా ఈ ప్రయాణం. జకార్తాలో బయల్దేరిన విమానం జావా సముద్రం దాటి బోర్నియో దక్షిణ తీరం మీదికి రాగానే కిటికీకి ముఖం ఆనించి అడవి కోసం వెతికాను. దువ్వెనతో పాపిడి తీసినట్టు వరసలు వరసలుగా ఆకుపచ్చని చుక్కలు, వాటి మధ్య ఎర్రమట్టి దారులు. "అడవి ఎంత బావుందో చూడక్కా" అంది చెల్లి నా భుజం మీంచి. నాక్కూడా మొదట అలాగే అనిపించింది. ఆ వరసలు చూశాకే అది ఆయిల్‌పామ్ తోట అని అర్థమైంది. అంత ఎత్తు నుంచి రెండూ పచ్చగానే ఉంటాయి.

దిగింది పంగ్‌కలాన్ బున్‌లో. బోర్నియో దీవిలో ఇండోనేషియాకు చెందిన మధ్య కలిమంతాన్ ప్రాంతంలోని చిన్న పట్నం. అక్కణ్నుంచి కుమాయ్ రేవు కారులో అరగంట కూడా లేదు. కుమాయ్ నిండా కిటికీలు లేని ఎత్తయిన సిమెంటు కట్టడాలు, గోడలకు చిన్న చిన్న కన్నాలు, లోపల్నుంచి ఆగకుండా పక్షుల కిచకిచలు. స్విఫ్ట్‌లెట్ పిట్టలు లాలాజలంతో కట్టే గూళ్లను అమ్ముకోవడానికి కట్టిన ఇళ్లట అవి. పిట్టల్ని రప్పించడానికి రికార్డు చేసిన కూతలు స్పీకర్లలో వినిపిస్తుంటారు.

రేవులో మా పడవ సిద్ధంగా ఉంది. ఇలాంటి పడవను ఇక్కడ క్లోతోక్ అంటారు. ఇంజిన్ చేసే చప్పుడే దానికి పేరైంది. కింద వంటగది, పైన చుట్టూ తెరిచి ఉన్న చెక్క డెక్కు. తినడం, కూర్చోవడం, రాత్రి దోమతెర కట్టుకుని పడుకోవడం అన్నీ ఆ డెక్కు మీదే. సరంగు, ఆయనకో సహాయకుడు, వంట చేసే ఆవిడ, గైడ్. మా ఇద్దరి కోసం నలుగురు. సరంగును "పాక్" అనీ వంటావిడను "ఇబు" అనీ పిలవాలని గైడ్ ముందే నేర్పాడు. అయ్య, అమ్మ లాంటి మాటలవి.

కుమాయ్ నది వెడల్పు చూసి సముద్రమే అనుకున్నాం. అది దాటి సెకోన్యెర్ నదిలోకి మలుపు తిరగ్గానే లోకం ఇరుకైపోయింది. రెండు పక్కలా నీళ్లలోంచే లేచినట్టున్న నీపా మట్టలు, తాటిజాతి మొక్కలవి. నీళ్లు మాత్రం పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నాయి. "ఇది ఈ నది అసలు రంగు కాదు. అసలు రంగు రేపు చూపిస్తాను" అన్నాడు గైడ్. ఎగువన బంగారం కోసం తవ్వకాలు, తోటల నుంచి కొట్టుకొచ్చే మట్టి కలిసి ఈ రంగు తెచ్చాయట. ఒక ఒడ్డు తంజుంగ్ పుతింగ్ జాతీయ పార్కు, రెండో ఒడ్డున ఊళ్లు, తోటలు. డచ్చివాళ్ల కాలంలో, 1930లలోనే, ఇక్కడ రక్షిత ప్రాంతం మొదలైంది. 1982లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 4 లక్షల హెక్టార్లకు పైమాటే.

గంట ప్రయాణం తర్వాత కొమ్మల మీద పొడుగు ముక్కు కోతులు కనబడ్డాయి. వీటిని బెకంతాన్ అంటారు, బోర్నియోలో తప్ప ఇంకెక్కడా లేవు. చెల్లి చప్పట్లు కొట్టబోయి తనే చేతులు ముడుచుకుంది.

మధ్యాహ్నం మూడింటికి తంజుంగ్ హరాపాన్‌లో ఒరాంగుటాన్లకు తిండి పెడతారు. దిగేముందు గైడ్ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నియమాలు చెప్పాడు. పది మీటర్ల దూరం. మాస్కు తీయకూడదు. వాటి ముందు తినకూడదు, తాగకూడదు. అవి మన వైపు నడిచొస్తే వెనక్కి తగ్గాల్సింది మనమే. చివరగా ఒక మాట అన్నాడు. "జలుబు గానీ దగ్గు గానీ జ్వరం గానీ ఉంటే దాచకండి. డబ్బు కట్టి ఇంత దూరం వచ్చాం కదా అని దాచేవాళ్లుంటారు." మన జన్యువుల్లో, వాటి జన్యువుల్లో 97 శాతం ఒకటే. అందుకే మన జలుబు వాటికీ పట్టుకుంటుంది. మనకు మూడు రోజుల్లో తగ్గిపోయే జబ్బు అడవిలో ఒక పిల్ల ప్రాణం తీయొచ్చు. వాటికి మందు ఎవరిస్తారు?

చెక్క వంతెన మీదుగా నడిచి వెళ్లి, తాడు కట్టిన చోట బల్లల మీద కూర్చున్నాం. ఎదురుగా చెక్క అరుగు, దాని మీద అరటిపళ్ల గుట్ట. పార్కు ఉద్యోగి నోటి చుట్టూ చేతులు పెట్టుకుని సాగదీసి ఒక కేక వేశాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఎక్కడో దూరంగా ఒక చెట్టు తల ఊగింది. దాని పక్క చెట్టు ఊగింది. ఆ ఊపు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మారుతూ మా వైపు వచ్చింది. ఒరాంగుటాన్ దూకదు. ఉన్న చెట్టునే తన బరువుతో వంచి, పక్క చెట్టు కొమ్మ అందాక దాన్ని పట్టుకుని, వెనక చెట్టును వదిలేస్తుంది. తల్లి ఒకటి, దాని నడుముకు కరుచుకుని చింపిరి జుట్టు పిల్ల ఒకటి. సాయంత్రపు ఎండ వెనకనుంచి పడి, ఒంటి మీది జుట్టంతా నిప్పు అంటుకున్నట్టు ఎర్రగా వెలిగింది.

మలయ్ భాషలో "ఒరాంగ్" అంటే మనిషి, "హుతాన్" అంటే అడవి. నేను ఆ పేరు ఎన్నోసార్లు చదివాను. ఆ తల్లి అరటిపండు తొక్క ఒలిచి, నోట్లో మెత్తగా నమిలి, ముద్దను పెదవి చివరకు తెచ్చి పిల్లకు అందించినప్పుడు ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అర్థమైంది.

ఇలా తిండి ఎందుకు పెట్టడం అని అడిగాను. ఇక్కడికి వచ్చేవి చాలావరకు ఒకప్పుడు మనుషుల దగ్గర బందీలుగా ఉండి విడుదలైనవి, లేదా వాటి పిల్లలూ మనవలూ. అడవిలో పళ్లు తక్కువైన రోజుల్లో వస్తాయి. పళ్లు బాగా కాసిన రోజుల్లో ఒక్కటీ రాదు. "అరుగు ఖాళీగా ఉన్న రోజు టూరిస్టులు నా మీద కోప్పడతారు. నాకు మాత్రం అదే మంచి రోజు" అన్నాడు గైడ్.

రాత్రి నీపా మట్టల దగ్గర పడవ కట్టేశారు. మిణుగురులు ఒక చెట్టు నిండా వాలి, పండగ దీపాల్లా ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. దోమతెర లోపల పడుకుని వాటినే చూస్తుంటే పక్క తెరలోంచి చెల్లి తుమ్మింది. కాసేపటికి మళ్లీ తుమ్మింది.

రెండో రోజు

తెల్లారేసరికి చెల్లి గొంతు మారిపోయింది. ముక్కు కారుతోంది. జ్వరం లేదు. నేను మాత్ర ఇచ్చి, "మాస్కు రెండు పెట్టుకుంటే సరిపోతుందిలే" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఈ ప్రయాణం అసలు చెల్లి కోరిక. చిన్నప్పుడు ఒక పాత పత్రికలో ఒరాంగుటాన్ బొమ్మ కత్తిరించి పుస్తకంలో దాచుకున్న మనిషి తను. మూడేళ్లు డబ్బు కూడబెట్టింది. ఈ రోజే క్యాంప్ లీకీ అనే ఒరాంగుటాన్ పరిశోధన శిబిరం, ఈ నది మీదికి అందరూ వచ్చేది దానికోసమే.

చెల్లి నా మాట వినలేదు. గైడ్ దగ్గరికి తనే వెళ్లి, "నాకు జలుబు చేసింది, నేను దిగను" అని చెప్పేసింది. గైడ్ ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత చేయి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. ఇబు అల్లం దంచి వేడినీళ్లలో వేసి తెచ్చింది.

తొమ్మిదింటికి తిండి పెట్టే ఇంకో చోటైన పొందోక్ తంగ్గుయ్‌లో నేనొక్కదాన్నే దిగాను. రెండు ఆడవి, ఒక కుర్ర మగది వచ్చాయి. మనసు పడవలోనే ఉండిపోవడం వల్లేమో ఎక్కువ గుర్తు లేదు.

క్యాంప్ లీకీకి వెళ్లే దారిలో నది రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర పాక్ ఇంజిన్ వేగం తగ్గించాడు. పడవ కింద మట్టి రంగు నీరు, రెండు గజాల అవతల నల్లటి నీరు. మధ్యలో గీత గీసినట్టు ఉంది. నల్లటిదంటే మురికిది కాదు. చేత్తో తీసి చూస్తే పలచని డికాక్షన్‌లా తేటగా ఉంది. అడవి నేల మీది ఆకులు ఊరి ఊరి నీళ్లకు ఆ రంగు వస్తుంది. చెట్ల నీడ అందులో అద్దంలో పడ్డట్టు పడుతోంది. "ఇదీ అసలు సెకోన్యెర్" అన్నాడు గైడ్. అవతలి పాయలోని మట్టి మనం చేసింది, ఇవతలి నలుపు అడవి చేసింది. నేను చూసిన వాటిలో మరచిపోలేని చోటు ఇదే.

జెట్టీ మీదికి కూడా ఒరాంగుటాన్లు వచ్చేస్తుంటాయి. అందుకని నన్ను దింపి, పడవను వెనక్కి తీసుకెళ్లి దూరంగా కట్టారు. డెక్కు అంచున దుప్పటి కప్పుకుని కూర్చున్న చెల్లి చెయ్యి ఊపింది.

1971 నవంబరులో బిరూటే గాల్డికాస్ అనే యువ శాస్త్రవేత్త, అప్పటి తన భర్త రాడ్ బ్రిండమోర్‌తో కలిసి ఇక్కడికి వచ్చారు. రోడ్లు లేవు, కరెంటు లేదు, ఫోన్ లేదు. చింపాంజీల మీద జేన్ గూడాల్, గొరిల్లాల మీద డయాన్ ఫాసీ చేసిన పనిని ఒరాంగుటాన్ల మీద చేయడానికి వచ్చారావిడ. ముగ్గురినీ ప్రోత్సహించింది ఆదిమానవుల శిలాజాలను వెతికిన శాస్త్రవేత్త లూయిస్ లీకీ. ఆయన పేరే ఈ క్యాంపుకు పెట్టారు. పరిశోధనకు వచ్చిన మనిషి చేతికి అధికారులు జప్తు చేసిన పెంపుడు పిల్లలు రావడం మొదలైంది. చదువుతో పాటు సాకడం కూడా ఆమె పనైంది. 1986లో ఆమె పెట్టిన ఒరాంగుటాన్ ఫౌండేషన్ ఇంటర్నేషనల్ ఇప్పటికీ ఆ పని చేస్తోంది.

పెంపుడు పిల్ల అనే మాట వెనక ఉన్నది తెలిస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒరాంగుటాన్ పిల్ల ఏడెనిమిదేళ్ల దాకా తల్లిని వదలదు. తల్లి దాన్ని వదలదు. కాబట్టి పిల్ల కావాలంటే తల్లిని చంపాలి. వేరే దారి లేదు. ఏ ఇంటి ముందో గొలుసుతో కట్టేసిన ప్రతి పిల్లకూ అడవిలో ఒక తల్లి శవం ఉంటుంది. 1990 నాటి ఇండోనేషియా చట్టం ప్రకారం ఒరాంగుటాన్‌ను పట్టుకోవడం, చంపడం, అమ్మడం, ఉంచుకోవడం అన్నీ నేరాలే. ఐదేళ్ల దాకా జైలు, 10 కోట్ల రూపియాల దాకా జరిమానా అని ఆ చట్టంలో మొదట రాశారు, 2024లో సవరించి శిక్షలు పెంచారు.

ఆ ఏడెనిమిదేళ్ల లెక్కే వాటి కష్టానికి మూలం. నేల మీద బతికే పాలిచ్చే జంతువుల్లో కాన్పుకీ కాన్పుకీ మధ్య ఇంత ఎడం ఇంకే జంతువుకూ లేదు. ఒక ఆడది తన జీవితం మొత్తంలో కనేది ముగ్గురినో నలుగురినో. ఏ పండు ఎప్పుడు పండుతుంది, ఏ చెట్టు ఎక్కడుంది, గూడు ఎలా అల్లాలి, అన్నీ తల్లి పక్కన ఉండి నేర్చుకోవాలి. అలాంటి జాతిలో ఏటా నూటికి ఒక్క ఆడది అదనంగా చచ్చిపోయినా ఆ గుంపు మెల్లగా తరిగిపోతుంది. 1999 నుంచి 2015 దాకా బోర్నియోలో లక్షకు పైగా ఒరాంగుటాన్లు పోయాయని 2018లో వచ్చిన అధ్యయనం లెక్క కట్టింది. ఆ లెక్కలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకోటుంది. నరికేసిన అడవుల్లోనే కాదు, చెట్లు ఇంకా నిలబడి ఉన్న అడవుల్లో కూడా అవి వేల సంఖ్యలో పోయాయి. అంటే వేట. పొలాల్లోకి వచ్చిందని కోపం. 2019లో సుమత్రా ఉత్తరాన ఆచేలో దొరికిన ఒక తల్లి ఒంట్లో 74 ఎయిర్‌గన్ గుళ్లున్నాయి. రెండు కళ్లూ పోయాయి. దాని పిల్ల బతకలేదు. కాపాడినవాళ్లు ఆ తల్లికి హోప్ అని పేరు పెట్టారు.

రెండింటికి క్యాంప్ లీకీ అరుగు దగ్గర మేం పదిహేను మందిమి కూర్చున్నాం. నాలుగు వచ్చాయి. ఉన్నట్టుండి నాలుగూ తల తిప్పి ఒకే వైపు చూశాయి. తల్లులు పిల్లల్ని లాక్కుని పైకి ఎక్కేశాయి. పొదల్లోంచి పెద్ద మగది నేల మీద నడిచి వచ్చింది. రెండు చెంపల పక్కనా పళ్లేల్లాంటి మెత్తలు, గొంతు కింద సంచి, మోచేతుల నుంచి నేలకు వేలాడే జుట్టు. అది అరుగు ఎక్కి కూర్చుని, మా అందరినీ ఒక్కసారి చూసి, ఇక మేం లేనట్టే తినడం మొదలుపెట్టింది. నాకు అప్పుడు మా ఊళ్లు, విమానాలు, టికెట్లు అన్నీ చాలా చిన్నవిగా అనిపించాయి.

తిరిగి వచ్చే దారిలో చెక్క వంతెన మీదికి ఒక తల్లి దిగింది. వీపున పిల్ల. మాకూ వాటికీ మధ్య ఐదు మీటర్లు కూడా లేదు. పిల్ల నా వైపే చెయ్యి చాపింది. చేతి గోళ్లు, గీతలు, చిటికెన వేలు అన్నీ కనబడ్డాయి. నా చెయ్యి దానంతటదే లేచింది. గైడ్ నా భుజం పట్టుకుని వెనక్కి నడిపించాడు. మేం అలా వెనక్కి వెనక్కి వెళుతూ ఉంటే ఆ తల్లి వంతెన దాటి తన దారిన పోయింది. ఆ చెయ్యి ఎంత కావాలనిపించిందో ఇప్పుడు రాస్తుంటే కూడా గుర్తొస్తోంది. దాన్ని ముట్టుకోకపోవడమే దానికి నేను చేయగలిగిన మేలు.

పడవ ఎక్కగానే చెల్లి అడిగింది: "చెప్పక్కా, మొత్తం చెప్పు. మొదటి నుంచి." చీకటి పడేదాకా చెప్పాను. పెద్ద మగదాని గురించి రెండుసార్లు చెప్పించుకుంది. ఫోన్లో ఫొటోలు చూపించాను. ఒక ఫొటో దగ్గర గైడ్ ఆపాడు. జూమ్ వల్ల ఒక టూరిస్టు, పిల్ల ఒరాంగుటాన్ పక్కపక్కనే ఉన్నట్టు వచ్చింది. "ఇది మాత్రం ఎవరికీ పంపకండి" అన్నాడు. మనిషి పక్కన ఒరాంగుటాన్ ఉన్న బొమ్మ చూసినవాళ్లకు దాన్ని దగ్గరకు తీసుకోవచ్చు, పెంచుకోవచ్చు అనిపిస్తుంది. అడవి జంతువులతో ఆడుకునే వీడియోలు పంచుకోవడం కూడా అంతే, చొక్కాలు తొడిగి, నీళ్లు పోసి, సైకిళ్లు తొక్కించేవి మరీను. ముద్దుగా ఉందని మనం పంచుకున్న కొద్దీ అలాంటి పిల్లకు ఎక్కడో బేరం పెరుగుతుంది. ఆ ఫొటో చెరిపేశాను.

మూడో రోజు

చెల్లికి ముక్కు దిబ్బడ తగ్గలేదు గానీ హుషారుగా ఉంది. ఈ రోజు పెసలాత్‌కు వెళ్లాం. పార్కు అంచున, గతంలో కాలిపోయిన నేలలో మళ్లీ అడవి నాటుతున్న చోటు. ఒరాంగుటాన్ల అరుగులు ఇక్కడ లేవు. అయినా చెల్లి మాస్కు తీయలేదు.

ఇద్దరం చెరో మొక్క నాటాం. నాకు ఉలిన్ ఇచ్చారు. ఇనుప కర్ర అంటారే, అది. నీళ్లలో ముంచినా తేలదు, దశాబ్దాలు నానినా కుళ్లదు, పెరగడం మాత్రం ఎంతో నిదానం. నా మోకాలి ఎత్తు కూడా లేని ఆ మొక్క ఒరాంగుటాన్ గూడు కట్టుకునేంత చెట్టు అయ్యేసరికి నేను ఉండను. నాటేటప్పుడు చేతికి తగిలిన మట్టి వింతగా ఉంది. నల్లగా, స్పాంజిలా, పీచు పీచుగా. పీట్ నేల అంటే ఇదే. వేల ఏళ్లుగా రాలిన ఆకూ కొమ్మా నీళ్లలో మునిగి, కుళ్లడానికి గాలి అందక, మీటర్ల లోతున పేరుకుపోయిన నేల.

ఈ నేల తడిగా ఉన్నంతకాలం నిప్పంటుకోదు. 1990ల మధ్యలో ఇదే మధ్య కలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ నేలను వరి పొలాలుగా మారుస్తామని అప్పటి అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. వరి పండలేదు. నీరు పోయింది, నేల ఎండింది, 1997లో అంటుకుంది. పీట్ మంట పైకి కనబడదు. నేల లోపల పాకుతూ పోయి, వారాల తర్వాత ఇంకో చోట పొగగా లేస్తుంది. 2015లో ఇండోనేషియా మొత్తం మీద 26 లక్షల హెక్టార్లు కాలింది. సింగపూర్, మలేషియా దాకా పొగ కమ్మింది. "ఆ రెండు నెలలు మా పాప పసుపు రంగు ఆకాశమే చూసింది" అన్నాడు గైడ్. కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలను మళ్లీ తడపడం, నిఘా ఉంచడం ఇక్కడివాళ్లు చేస్తున్న పని. ఒరాంగుటాన్ పేరు మీద ఎవరైనా ఇచ్చే చందాలో ఒక భాగం ఇలా మట్టికీ నీళ్లకీ పోతుందంటే మొదట ఆశ్చర్యమేసింది. ఇప్పుడైతే అక్కడికే ఎక్కువ పోవాలనిపిస్తోంది.

గైడ్ వాళ్ల నాన్న 1990ల చివర ఈ పార్కులోనే కలప కోసం రమిన్ చెట్లు దొంగచాటుగా నరికేవాడట. ఈ సంగతి అతను దాచకుండా చెప్పాడు. "అప్పట్లో ఆ పని తప్ప ఇంకోటి లేదు. ఇప్పుడు ఈ పడవలున్నాయి. మీరు వచ్చినంతకాలం నాకు రంపం అక్కర్లేదు."

మధ్యాహ్నం అవతలి ఒడ్డు ఊరికి వెళ్లాం. ఊరి వెనక నుంచే తోట మొదలవుతుంది. ఆయిల్‌పామ్ చెట్ల మధ్య నిలబడితే ఎంత నిశ్శబ్దమో! నిన్నటి అడవిలో గిబ్బన్ అనే వానరాల పాట, హార్న్‌బిల్ రెక్కల చప్పుడు, కీచురాళ్ల రొద. ఇక్కడ ఏమీ లేదు. నేను కోపంతో వెళ్లాను. అక్కడ కలిసిన ఒక రైతు ఆ కోపాన్ని అంత తేలిగ్గా ఉండనివ్వలేదు. ఆయనకు రెండు హెక్టార్ల తోట. ఇండోనేషియాలోని ఆయిల్‌పామ్ విస్తీర్ణంలో దాదాపు 40 శాతం ఇలాంటి చిన్న రైతులదే. గెలలు అమ్మిన డబ్బుతోనే కొడుకు సెమరాంగ్‌లో చదువుకుంటున్నాడు. "మీరంతా పామాయిల్ కొనడం మానేస్తే నేనేం నాటాలి, చెప్పండి" అన్నాడు. ఆయన నిజంగా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి గైడ్, నేను, చెల్లి చాలాసేపు ఇదే మాట్లాడుకున్నాం. ప్రపంచపు పామాయిల్‌లో 80 శాతానికి పైగా ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. బిస్కెట్లలో, సబ్బుల్లో, షాంపూల్లో, లిప్‌స్టిక్‌లో, నూడుల్స్‌లో ఉంటుంది. దాన్ని పూర్తిగా వెలివేయడం సులువైన మాటే గానీ, అంతే నూనె సోయా నుంచో పొద్దుతిరుగుడు నుంచో తీయాలంటే తొమ్మిది రెట్ల దాకా ఎక్కువ నేల కావాలని 2018లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ నివేదిక తేల్చింది. అప్పుడు ఇంకెక్కడో ఇంకో అడవి పోతుంది. కాబట్టి అడగాల్సింది నూనె మానేయమని కాదు, అడవి నరకకుండా తీసిన నూనే వాడమని. ఆర్‌ఎస్‌పీఓ అనే సంస్థ 2004లో ఏర్పడింది, ఇలాంటి పామాయిల్‌కు ధ్రువీకరణ గుర్తు ఇస్తుంది. 2018లో తన నియమాలను బిగించి, అడవి నరికి నాటడాన్నీ పీట్ నేలల్లో కొత్తగా నాటడాన్నీ నిషేధించింది. అందులో లోపాలున్నాయి, నిఘా చాలదు. అయినా ఏ గుర్తూ లేని నూనె కన్నా ఆ గుర్తున్నది మేలని నా నమ్మకం.

చెల్లి తన సంచిలోని వస్తువులన్నీ బయటికి తీసి టార్చి వెలుగులో పేర్లు చదవడం మొదలుపెట్టింది. పామోలిన్. పామ్ కెర్నెల్. సోడియం పామేట్. ఒక ప్యాకెట్ మీద ఉత్తి "వెజిటబుల్ ఆయిల్". ఏ కాయలోంచి తీశారో లేదు. "వీళ్లకు రాస్తాను" అంది. రాస్తే ఏమవుతుంది అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2013 డిసెంబరులో, ప్రపంచంలోకెల్లా పెద్ద పామాయిల్ వర్తక సంస్థ విల్మార్, అడవి నరికి తీసిన నూనె కొనబోమని విధానం ప్రకటించింది. అంతకుముందు ఏళ్ల తరబడి మామూలు మనుషులు కంపెనీలకు ఉత్తరాలు రాశారు, సంతకాలు పెట్టారు. ఆ ఒత్తిడి లేకపోతే అది వచ్చేది కాదు.

ఇంకో పని కూడా ఆ రాత్రే నిర్ణయించుకున్నాం. ఇద్దరం కలిసి ఒక అనాథ ఒరాంగుటాన్ పిల్ల ఖర్చులో భాగం పంచుకోవడం. దీన్ని దత్తత అంటారు గానీ పిల్లను ఇంటికేమీ పంపరు. పాలు, మందులు, రోజూ అడవికి తీసుకెళ్లి చెట్లెక్కడం, గూడు అల్లడం నేర్పే ఆయాల జీతాలు, వీటికే పోతుంది ఆ డబ్బు. 1999లో మధ్య కలిమంతాన్ రాజధాని పాలంగ్కా రాయా దగ్గర, ఒరాంగుటాన్లను కాపాడే బీఓఎస్ ఫౌండేషన్ మొదలుపెట్టిన న్యారు మెంతెంగ్ కేంద్రం లాంటి చోట్ల ఈ చదువు ఏళ్ల తరబడి సాగుతుంది. ఎక్కడైనా డబ్బు కడితే పిల్లను ఎత్తుకోనిస్తాం అంటే అక్కడికి మాత్రం వెళ్లకండి. నిజంగా అడవికి పంపాలనుకునేవాళ్లు వచ్చే పోయే జనాన్ని పిల్లల దగ్గరికి రానివ్వరు.

సాయంత్రం సంగతి చివర రాయాలని ఆపుకున్నాను. సూర్యుడు దిగుతుండగా పడవను ఊరి వైపు ఒడ్డున కట్టేశారు. నది అవతల పార్కు. ఇబు గిన్నెలు కడుగుతోంది. చెల్లి ముక్కు తుడుచుకుంటూ ఊరికే అవతలి ఒడ్డు చూస్తోంది. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది.

ఒక చెట్టు తల ఊగుతోంది. గాలి లేదు. ఎర్రటి చెయ్యి ఒకటి పైకి వచ్చి కొమ్మను అందుకుంది. తర్వాత తల్లి, దాని ఒళ్లో పిల్ల. ఏ అరుగూ లేదు, ఏ కేకా లేదు. ఆ తల్లి చెట్టు చీలిక దగ్గర నిలబడి, ఒక లావు కొమ్మను లోపలికి వంచి కాలి కింద నొక్కిపట్టింది. దాని మీదికి ఇంకోటి వంచింది. ఇంకోటి. సన్న కొమ్మల్ని విరిచి, అంచుల చుట్టూ దోపి అల్లింది. నిదానంగా, రోజూ చేసే పని చేసినట్టు. పెద్ద ఒరాంగుటాన్లు ప్రతి సాయంత్రం ఇలా కొత్త గూడు కట్టుకుంటాయి. పిల్ల పక్క కొమ్మ మీద కూర్చుని తనూ ఒక రెమ్మను వంచబోయింది, అది తిరిగి లేచిపోయింది, మళ్లీ వంచింది. చివరికి తల్లి ఆకుల గుత్తి ఒకటి తెంపి తల వైపు పెట్టుకుని వెనక్కి వాలింది. పిల్ల వెళ్లి దాని పొట్ట మీద పడుకుంది.

"అక్కా, పక్క వేసుకుంటోంది" అంది చెల్లి గుసగుసగా. మాస్కు మీది దాకా కన్నీళ్లు. మధ్యలో నది అంతా ఉంది. తన జలుబు ఆ ఒడ్డుకు చేరదు.

నాలుగో రోజు

ఐదింటికే లేచాం. నది మీద పొగమంచు. ఎక్కడో గిబ్బన్లు అందుకున్నాయి. అవతలి గూడు చీకటి ముద్దలా ఉంది. ఈ రోజు త్వరగా బయల్దేరాలి, మధ్యాహ్నం విమానం. అయినా పాక్ ఇంజిన్ దగ్గరికి వెళ్లలేదు. బీడీ లాంటిది ఒకటి వెలిగించుకుని పడవ ముక్కు మీద కూర్చున్నాడు.

ఆరున్నర దాటాక గూట్లో ఆకులు కదిలాయి. మొదట పిల్ల లేచింది. గూడు అంచు పట్టుకుని కిందికి వేలాడి, ఒంటి చేత్తో ఊగుతూ నది వైపు చూసింది. చాలాసేపటికి తల్లి చెయ్యి ఒకటి వచ్చి దాన్ని లోపలికి లాక్కుంది. ఆ తర్వాత రెండూ బయటికి వచ్చి, కొమ్మను వంచుకుని పక్క చెట్టుకు వెళ్లాయి. అక్కణ్నుంచి ఇంకోదానికి. చెల్లి వేలు చూపిస్తూ లెక్కపెడుతోంది: నాలుగో చెట్టు, ఐదు, అదిగో ఆరు. ఏడోది ఊగి ఆగిపోయాక ఇక ఏమీ కనబడలేదు.

పాక్ కాసేపు ఆగి, మా వైపు చూసి, కిందికి దిగి ఇంజిన్ వేశాడు.